చుక్క తర్వాత

మొదటి వారం నా చేతికి పుస్తకం ఇవ్వలేదు.
బంకగిన్నె ఇచ్చినారు.
మైదా ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వెయ్యాలంట,
లేకుంటే పురుగు అట్టనూ తింటుంది, కథనూ తింటుంది.
"దానికి రెండూ ఒగటే మాబున్నీ" అన్నాడు లాలెప్ప,
ఆదోని శాఖా గ్రంథాలయంలో ముప్పై ఏండ్లుగా
వీపులు విరిగిన పుస్తకాలకు కట్లు కట్టే మనిషి.

తర్వాత ముద్రలు.
పేరున్న పేజీ వెనక ఒకటి, ఆఖరి పేజీలో ఒకటి,
ఇరవై ఒకటో పేజీలో ఎవరికీ చెప్పకుండా ఇంకొకటి.
"ముందు పేజీ చింపి ఎవడన్నా నాదే అంటే
ఇరవై ఒకటి తియ్యి. అది చెప్తాది."
ఆ రాత్రి ఇంట్లో
నా నోటుబుక్కు తీసి ఇరవై ఒకటో పేజీ చూసుకున్నా.
ఖాళీగా ఉంది.

అంకెలు నేర్పింది సుగుణావతి మేడం.
లోకమంతా పది గూళ్ళు, గూటికి పది అరలు,
చుక్క పెట్టినాక ఇక లెక్కే లేదు.
వాన 551.57.
మాకు పడని వాన కూడా అక్కడేనా మేడం, అంటే
నవ్వలేదామె, కళ్ళద్దాలు తుడుచుకుంది.
మన తెలుగు కథలూ కవితలూ 894.827.
ఎక్కడో దూరదేశపాయన వేసిన వరస.
అందరూ కూర్చున్నాక మిగిలిన చోట
మనకు చాప పరిచినట్టుంది.
అయినా ఆ చాప మీదే
మా ఊరి జనం ఎక్కువ కూర్చుంటారు,
ఆ అరే ముందు అరుగుతుంది.

తప్పు నేను చేసింది అక్కడే, చుక్క దగ్గర.
ఆరు కన్నా యాభై ఒకటి పెద్దది గదా అని
633.51 ని 633.6 వెనక్కి నెట్టినా.
కోసిగి నుంచి ఒక రైతు వచ్చినాడు,
పత్తికాయలో గులాబి పురుగు పడిందని,
పుస్తకం ఉందంట గదా అని.
రిజిస్టరు ఉందంది. అర లేదంది.
ఆయన బస్సు టైము చూసుకోని లేచిపోయినాడు.

"దొంగ ఎత్తకపోతే వాడన్నా చదువుతాడు" అన్నాడు లాలెప్ప,
"తప్పు చోట పెట్టినావంటే ఎవురికీ గాకుండా పోతాది."
అది దొరికేసరికి నాలుగు రోజులు.
కోసిగికి కార్డు రాసినా.
జవాబు రాలేదు.

మొన్న మధ్యాహ్నం నాయన వచ్చినాడు,
జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి గుడ్డలో కట్టుకోని.
ప్రెస్సింగు మిల్లులో బేళ్ళు మోసే హమాలీ.
తాత దూదేకే విల్లు అమ్మినాక
మా ఇంట్లో దూది వాసన పోలేదు, కూలి మాత్రం మారింది.
మీసంలో ఇంకా పీచు ఉంది.

"ఏం పని నీది ఈడ?"
ఎట్ల చెప్పాలో తోచక చీటీ మీద రాసి ఇచ్చినా: 633.51
నాయనకు అక్షరాలు రావు.
అంకెలు వస్తాయి. బేలు మీద నల్లరంగుతో కొట్టే అంకెలు
చీకట్లో తడిమి కూడా చెప్తాడు.

చెప్పులు బయట ఇడిచి, ర్యాకుల మధ్య నడిచినాడు
గోదాములో నడిచినట్టే, తల కొంచెం పక్కకు వంచి.
ఆరు. మూడు. మూడు.
చుక్క కాడ ఒక్క గడియ నిలబడి,
ఐదు. ఒకటి.
తీసినాడు.

నిలబడే బొమ్మలు తిప్పినాడు.
"ఈ కాయ మన పక్కది గాదు,
దీని పోగు పొడుగు" అన్నాడు, కాగితాన్ని వేళ్ళతో లాగి చూస్తూ.
అది చదవడం కాదని
ఎవరంటారో అనండి.

చూసిన పుస్తకం బల్ల మీదే వదలాలి,
పాఠకులు తిరిగి అరలో పెట్టరాదు —
బోర్డు ఆయన తల మీదే వేలాడుతా ఉంది.
ఆయన చదవలేడు.
నేను చెప్పలేదు.

రొట్టె తిన్నాక పోయి చూసినా.
ఉండాల్సిన చోటే ఉంది,
కాకుంటే వరసలోంచి ఒక వేలు ముందుకొచ్చి.
లోపలికి తొయ్యబోయి
సాయంత్రం దాకా అట్లే ఉంచినా.