ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది

బ్లాకుబోర్డు నా పని.
ఎత్తు చాలక కిరసనాయిలు డబ్బా మీద నిలబడి రాసేదాన్ని.
అటు మిల్లు, ఇటు బొగ్గు,
నడుమ సుద్దగీత.
పదకొండేండ్లు నాకు. అంకెలు గుండ్రంగ రాస్తనని
టైమాఫీసు శాయన్న సారు ఏరికోరి అప్పజెప్పిండు.

బాల్ బ్యాడ్మింటనంటే ఇప్పటోళ్లు ఈకల బంతి అనుకుంటరు.
కాదు. ఊలు బంతి. పసుప్పచ్చది,
నిమ్మకాయ కన్న జరంత పెద్దది,
మంచు తాగితే బరువెక్కేది.
జట్టుకు ఐదుగురు, ఇరవై తొమ్మిదికి ఆట.
మా ఐదుగురి పేర్లు నేత ఖాతా రిజిస్టర్ల ఉండేటివి,
వాళ్లు మగ్గం ముట్టంగ మాత్రం ఎవ్వరూ చూడలే.
జీతం మిల్లుది, చెమట కోర్టుది.
దానికి ఎవ్వరికీ కోపం లేకుండె,
గెలిచినన్ని రోజులు.

ఆ చలికాలం బెల్లంపల్లి నుంచి
ప్యాసింజరు బండిల దిగిండ్రు బొగ్గు జట్టోళ్లు.
వాళ్ల ఓదెలు కండ్ల అంచులకు
ఎంత కడిగినా పోని కాటుక.
సర్వీసుకు ముందు రెండుసార్లు దగ్గుతడు.
ఆ దగ్గు వినే మావోళ్లు రాకెట్టు లేపుతుండ్రి.
మూడో ఆటల, ఇరవై నాలుగు కాడ,
దగ్గకుండ కొట్టిండు.
వరుసగ నాలుగు పాయింట్లు.

మా రాజవీరు ఒక్కొక్కటి తిరిగి తెచ్చిండు.
ఒకటి నెట్టు మీద పాకి అవతలికి జారింది.
ఒకటి యాకూబ్ మోకాళ్ల మీద పడి లేపిండు,
లాగు చినిగింది, ఎవ్వరూ నవ్వలే.
పది గంటల సైరన్ కూసింది.
రాత్రి షిఫ్టోళ్లు టిఫిను డబ్బాలు పట్టుకొని
నిలబడ్డకాడే నిలబడ్డరు.
పిలువనీకి వచ్చిన జాబరు కూడ
దూది బేలెక్కి కూసున్నడు.
ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది.

అప్పుడు బంతి పోగు ఊడింది.
గాలిల తోక లెక్క ఊగుకుంట వచ్చి నెట్టుకు చిక్కింది.
ఇంకో బంతి లేదు. డజను బంతులూ
ఆ సాయంత్రమే పీసులు పీసులైనయి.
అంపైరు, హన్మకొండ డ్రిల్లు సారు,
విజిలు నోట్ల పెట్టుకొనే అటిటు చూసిండు.
"రీలింగు వీరలచ్చిమిని పిలువుండ్రి," అన్నరెవరో.

మా అమ్మ కోర్టులకొచ్చింది.
చెప్పులు గీత అవతల ఇడిచింది.
పోగు కొస నాలికతోటి తడిపి,
రోజుకు వెయ్యిసార్లేసే ముడి
వెయ్యిన్నొకటోసారి ఏసి, పంటితోటి తెంపి,
ఎవ్వలి దిక్కూ చూడకుండ
బంతి ఓదెలు చేతుల పెట్టింది. సర్వీసు ఆయనది.

ఆయన రెండుసార్లు దగ్గిండు.

ఎన్ని దెబ్బలు పోయినయో లెక్క తప్పిన.
చివరిది ఎత్తుగ లేసి, బల్బుల పైకెల్లి
చీకట్లకు పోయి, వెనుక దిక్కుకు దిగింది.
రాజవీరు రాకెట్టు దించిండు.
"పోనీ, ఔటే," అన్నడు.
గీత మీద సున్నం పొగ లేసింది,
చిటికెడు.

ఎనిమిదిని తొమ్మిది చెయ్యాలంటే
కొత్తగ రాసేదేం లేదు.
కింది సున్నల ఎడమ సగం తుడిస్తె సరి.
సుద్ద కింద పెట్టిన. బొటనవేలు తడి చేసుకున్న.
మూడువందల మంది నా వేలు దిక్కే చూస్తుండ్రి,
తుడువకుంటె ఓడనట్టు.

తెల్లారి నల్లా కాడ మొదలైంది.
"ముడి బరువైందే వీరలచ్చిమీ, బంతి పక్కకు పోయింది."
"మనోళ్లకని జర వదులుగ ఎయ్యకపోతివి."
నెల రోజులు నడిచింది ఆ మాట.
రాజవీరు మాత్రం ఒక్కనాడు అనలే.
మా గల్లి మీదికెల్లి పోవుడు మానేసిండు, అంతే.

అమ్మ బిందె నిండేదాక ఆగి,
చుట్ట సదురుకొని, నెత్తిన పెట్టుకుంట అన్నది:
"రెండు దిక్కులా ఎగిరింది ఒక్క బంతే గద."

ఆ రాత్రి సంగతి ఒకటి నల్లా కాడ చెప్పలే.
బొగ్గోళ్లు టేషనుకు పోతుంటే
ఓదెలు ఎనుకకు మర్లి వచ్చి
బంతి వెలుగుల పట్టి చూపెట్టిండు.
"అక్కా, ముడి ఊడలే."
అమ్మ దాన్ని తీసుకోలే. ఒక్కసారి ఒత్తి చూసి,
అప్పటికే ఆలిశమైందని షిఫ్టుకు ఉరికింది,
గోటి సందుల పసుప్పచ్చ నూగుతోటి.