వెంట్రుకంత గండి

డిసెంబరు తెల్లారుజామున పెన్న లోయలోంచి
మంచు పైకెక్కి వస్తాంది.
మా పసుప్పచ్చ బండి మాత్రం
కదలనంటాది, మెదలనంటాది, పలకదు.

నాలుగు బండ్లుండాయి మా గుడారం ముందర,
లావు చక్రాలవి, రాళ్ళ మీద ఎగిరేటివి.
మూడు బటన్ నొక్కితే లేస్తాయి.
నాలుగోది, హ్యాండిల్‌కు నిమ్మకాయ కట్టింది,
కుర్ర్ కుర్ర్‌మంటాది, ముసలోడు గొంతు సవరించుకున్నట్టు.
మాట మాత్రం రాదు.

బెంగళూరోళ్ళు రాత్రంతా కారు తోలుకోని వచ్చినారు.
సూర్యుడు లేసేలోగా లోయ అంచుకు పోవాలంట.
సూర్యునికేం, చోకు లాగే పని లేదు.

నేను చోకు లాగినా. మూసినా. మళ్ళీ లాగినా.
ప్లగ్గు విప్పి, గీరి, పాత లుంగీ పీలికతో తుడిచి
ఇంజనుకు ఆనించి సూస్తే
చీకట్లో నీలం చుక్క టిక్కుటిక్కుమని దూకింది.
నిప్పుండాది.
పైపు పీకితే సీసాలోకి పెట్రోలు దిగింది.
వానల నాటిదేమో, చచ్చిందేమోనని పారబోసి
కొత్తది పోసినా.
గాలి జల్లెడ దులిపితే
ఎర్రమల కొండ సగం నా మొగాన పడింది.
బ్యాటరీ పొద్దుటూరులో తెచ్చింది, రెండువేల నూరు, అప్పు.
నిప్పుండాది, నూనుండాది, గాలుండాది,
ఇంకేం కావాలంట దీనికి?

దిష్టి, అన్నాడు మా పొత్తుదారు చిన్నోబులేసు.
ఇంకో నిమ్మకాయ కట్టినాడు.

తాడేసి ఇంకో బండితో ఈడిస్తే లేస్తాది.
ఒకసారి లేసిందంటే పొద్దుగూకేదాకా
మేకపిల్ల మాదిరి ఎగురుతాది.
అందుకే దాని జబ్బు చెప్తే ఎవురూ నమ్మరు.

జమ్మలమడుగు నుంచి ఫకీరప్ప వచ్చినాడు,
పాత మోపెడ్ మీద, ఎనక డబ్బాలో పానాలు గలగలమంటాంటే.
"ఈడ్చొద్దు, చల్లగానే ఉండనీ," అని రాత్రే ఫోన్లో చెప్పినాడు,
జ్వరం సూసేదాకా మాత్ర మింగొద్దన్నట్టు.

ప్లగ్గు పీకిన బొక్క మీద నా బొటనేలు పెట్టమన్నాడు.
సెల్ఫు కొట్టినాడు.
"నెట్టిందా?"
"నెట్టింది గానీ... పసిబిడ్డ ఊదినట్టుండాది."
"అదే. ఊపిరి కారిపోతాంది."

మూత విప్పినాడు.
చొక్కా జేబులో బీడీకట్ట పక్కనుంచి
విసనకర్ర మాదిరి విచ్చుకునే ఇనుప రేకులు తీసినాడు.
ఒకటి దూరలేదు. దానికంటే సన్నంది దూరలేదు.
ఉల్లిపొరకన్నా పల్చంది, కడాకరిది, అదీ దూరలేదు.

"అరిగితే వదులు గావాల గదా ఫకీరప్పా?"
"చెప్పు అరిగితే వదులు. పంచె అరిగితే వదులు.
వాల్వు అట్ల కాదబ్బీ,
అరిగేకొద్దీ పైకెక్కతాది, ఎక్కేకొద్దీ బిగుసుకుంటాది.
తలుపు సరిగ్గా మూసుకోవాలన్నా
యాడో ఒకచోట సందుండాల."

నేనేం మాట్లాడలేదు.
నాలుగేండ్ల కంతులు, పోయిన బేస్తవారం
మూడువందల కాడ చిన్నోబులేసుతో పడిన రచ్చ,
అన్నీ గొంతుకాడికి వచ్చి ఆడ్నే నిలబడినాయి.

నట్టు వదిలి, మర పావు సుట్టు తిప్పినాడు.
పావు కూడా కాదు.
ఈసారి రేకు దూరింది, రవ్వంత పట్టింది, వదిలింది,
పుస్తకంలోంచి పాత బస్సు టికెట్టు లాగినట్టు.

ఈ కొండకు గండి కొట్టను
పెన్నకు ఎన్ని యుగాలు పట్టిందో,
ఆ గండి పేరే కోటకు పెట్టుకున్నారు మావోళ్ళు.
నా బండికి చాలిన గండి
మిల్లీమీటర్లో పదో వంతు.
ఫకీరప్ప మూడున్నర వందలు తీసుకున్నాడు,
ఒక టీ తాగినాడు, పిండంత చక్కెర ఎక్కువేయించుకోని.

మర్నాడు తెల్లారుజామున, అదే మంచు, అదే చలి.
బటన్ మీద ఏలు పెట్టేసరికే లేసింది.
శబ్దం లోయలోకి దిగి, అవతలి గట్టు తాకి,
మెల్లగా తిరిగొచ్చింది.

"సూసినావా," అన్నాడు చిన్నోబులేసు,
రెండో నిమ్మకాయను ముట్టుకోని సూపిస్తా.
నేను కాదనలేదు.
ఆ మాత్రం సందు ఉండనీలే అనుకున్నా.