మూడు కుంచాలు

యోయెజెరు చీకటి పడ్డాక వచ్చాడు.
చేపలకు పట్టించిన ఉప్పు
వేళ్ళ సందుల్లో ఇంకా తెల్లగానే ఉంది.
"సరస్సు ఒడ్డున ఒకాయన కథ చెప్పాడు,
అందులో నీలాంటి మనిషి ఉంది," అన్నాడు.

నాలాంటి మనిషి కథలోకి ఎప్పుడెక్కింది?
కథల్లో రాజులుంటారు. రాజుల గాడిదలుంటాయి.

"ఒకావిడ పులిసిన ముద్ద తీసుకుని
మూడు కుంచాల పిండిలో దాచిందట.
అంతా పొంగిందట.
దేవుని రాజ్యం అలా ఉంటుందట."

నేను నవ్వాను.
తిరగలి అవతలి పిడి పట్టుకున్న షప్పీరా కూడా నవ్వింది.
మూడు కుంచాలా!
ఆయన ఎప్పుడైనా పిండి పిసికాడా?
మా కొరాజీను నల్లరాతి తిరగలి మీద
ఒక్క కుంచం విసరాలంటే
కోడి కూతతో కూర్చుంటే ఎండ గడపెక్కుతుంది.
మూడంటే ఊరి పెళ్ళి,
వంద నోళ్ళు,
నావి రెండే మోచేతులు.

యోయెజెరు నవ్వలేదు. గడ్డం గోక్కున్నాడు.
"రాజ్యానికి పులుపేమిటని
పడవలో అందరూ కొట్టుకున్నారు."
నిజమే మరి.
పస్కా ముందు దీపం పట్టుకుని
గోడ పగుళ్ళలో కూడా వెతికి, ఊడ్చి,
కాల్చేది దాన్నేగా.
చెడు సావాసాన్ని మా అమ్మ ఆ పేరుతోనే తిట్టేది:
ఒక్క ముద్ద చాలే, తొట్టె మొత్తానికి!
గుమ్మం అవతలికి తరిమినదాన్ని
ఆయన చెయ్యి పట్టి లోపలికి తెచ్చాడు.

నాకు గుచ్చుకున్నది వేరే మాట.
కలిపింది అనలేదు. దాచింది అన్నాడు.
తిబెరియ నుంచి పన్నులవాళ్ళు వచ్చే వారం
నేను బార్లీ దాస్తాను.
ఎక్కడో యోయెజెరుకి కూడా చెప్పను.
దాచడమంటే ఏమిటో
నాకు ఎవరూ బోధించనక్కరలేదు.

అప్పుడు మూలనుంచి షలంసియోను అవ్వ,
చూపు పోయి ఏడేళ్ళు, నిద్రపోయిందనుకున్నాం:
"మూడన్నాడా? రెండు కాదూ, నాలుగు కాదూ?"
"మూడే అవ్వా."
"అయితే అది సారా పిండి.
మిట్టమధ్యాహ్నం గుడారం ముందు
ముగ్గురు కొత్తవాళ్ళు నిలబడితే
ముసలాయన పరుగున లోపలికొచ్చి
మూడు కుంచాలు పిసుకు, త్వరగా, అన్నాడు.
ముగ్గురికి అంతెందుకని ఆవిడ అడిగిందా?
వచ్చిందెవరో
చేతులకి ముందు తెలిసింది, చెవులకి తర్వాత.
తలుపు చాటున నవ్వింది కూడానూ.
నీలాగే."

తిరగలి ఆగింది.
ఎవరం ఆపామో తెలీదు.

"ఆయన సారా పేరు ఎత్తలేదు,"
యోయెజెరు గొణిగాడు.
"కథ చెప్పాడు, పడవెక్కాడు. అంతే."
"పేరెందుకురా," అంది అవ్వ,
"లెక్క చెప్పాక?"
మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు నా పిండి నేను కలుపుకున్నాను,
రోజూ కలిపే అరకుంచమే.
యాజకుడి పాలు గుప్పెడు తీశాను.
రేపటి ముద్ద కుండలో వేశాను;
అది నా పెళ్ళికి షప్పీరా అత్త ఇచ్చిన ముద్ద,
ఆవిడకి ఎవరిచ్చారో ఆవిడే మర్చిపోయింది.
తడిగుడ్డ కప్పి చెయ్యి ఆనిస్తే
గోరువెచ్చగా, పాలు తాగి పడుకున్న పిల్ల పొట్టలా.

చాలాసేపు అలాగే నిలబడ్డానేమో,
గోడ మీదుగా షప్పీరా కేకేసింది:
"ఏమే, ఎవరైనా వస్తున్నారా?"

"తెలీదు," అన్నాను.
"నీ దగ్గర పిండెంతుంది?"