మూడు మార్లు, ముప్పై సెకన్లు

గుడిపాల దారిలో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
రెండు మైళ్ల పొడుగునా ట్రాక్టర్లు.
జూన్ నెల. తోతాపురి కాయ.
మొదటి రోజు వాసన తీపిగా ఉంటాది,
మూడోనాటికి సారాకొట్టు పక్కన నిలబడినట్టు ఉంటాది.

ఇది నేను తర్వాత తెలుసుకున్న సంగతి.
అప్పటికి నేను మిట్టూరులో, మేడ మీద, ఏసీ కింద,
రైతులకు టోకెన్ మెసేజీలు మోసే సర్వర్‌కి
ప్రొఫైల్ రాస్తా ఉండినా.

పేరు: సీజన్ ఒకటి.
ఫోను పలక్కపోతే మళ్లీ కొట్టాల్సింది: మూడు మార్లు.
మార్పుకీ మార్పుకీ ఎడం: ముప్పై సెకన్లు.
లాగ్: తప్పులు మాత్రమే.
డిస్క్ నిండిపోతాదని హేమాద్రి సారు గొణిగితే
మిగతా మాటలన్నింటికీ నోరు కట్టేసినా.
నాలుగు వరసలు.
టీ చల్లారేలోపల అయిపోయిన పని.

శుక్రవారం పొద్దున్నే ఒకాయన మెట్లెక్కి వచ్చినాడు.
కుప్పయ్య. యాదమరి పక్కన పల్లె.
చొక్కా నిండా సొన మరకలు,
రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ ఫోను.
"నా నంబరు పిలవలేదు మ్మా.
నా ఎనకాల వాళ్లు లోపలికి పోయినారు."
"రాత్రి రెండూ పదికి పంపినాం పెద్దాయనా."
"అని ఎవురు చెప్పినారు?"

లాగ్ తెరిచినా.
రెండూ తొమ్మిది దగ్గర ఒక వరస.
రెండూ నలభై దగ్గర ఇంకొకటి.
నడుమ ఖాళీ.
ఫోను ఆపేసి ఉండడం మా లెక్కలో తప్పు కాదు,
కాబట్టి రాయలేదు.
ఎవరి తప్పూ కాకుండానే
నాలుగు టన్నుల కాయ రోడ్డు మీద మాగిపోయింది.

"కిందికి రామ్మా" అన్నాడు.
ట్రెయిలర్ పక్క పలక మీద సుద్దగీతలు.
గేటు కాడ టీ అంగట్లో చార్జింగుకు పది రూపాయలంట,
అందుకని ఫోను ఆపిపెట్టి,
ముందు బండి కదిలినప్పుడల్లా తెరిచి చూసినాడంట.
తెరిచినప్పుడల్లా ఒక గీత, పక్కన టైము.
పదకొండూ నలభై. ఒకటింబావు. మూడు.
"ఏమీ రాకపోయినా గీసినావా?"
"రాలేదనేది గుర్తుండల్ల కదా."

మూడు రాత్రుల గీతలు లెక్కబెట్టినా. ఇరవై ఆరు.
నేను ఆయన్ని పిలిచింది మొత్తం కలిపి
నిమిషంన్నర.

ట్రెయిలర్ సందుల్లోంచి రసం కారి
మా ఆఫీసు గుమ్మం దాకా ఈగలు.
ఆయన తిట్టలేదు. నీళ్లు అడిగినాడు.
ఫ్యాక్టరీకి ఫోను చేస్తే నాలుగ్గంటలకు రమ్మన్నారు,
కిలోకు రూపాయిన్నర కోత పెట్టి.
ఆ రూపాయిన్నర ఏ ప్రొఫైల్‌లో రాయల్లో
నాకు తెలీలేదు.

ఆ రాత్రి కొత్తది రాసినా.
పేరు: సుద్ద.
మళ్లీ కొట్టాల్సింది: అరగంటకొకసారి, తెల్లారేదాకా.
లాగ్: అన్నీ. పలికినా, పలక్కపోయినా.
నంబర్లో చివరి నాలుగంకెలు తప్ప మిగతావి చుక్కలు,
పలక మీద కూడా ఎవరి పేరూ లేదు గదా.

ఆదివారం రాత్రి ఇంటికి పోకుండా కూర్చున్నా.
రెండూ పది: పలకలేదు.
రెండూ నలభై: పలకలేదు.
మూడూ పది: అందింది. నాలుగు నాలుగు ఒకటి ఏడు.
ఎవరో తెలీదు.
ఏదో ఒక ట్రాక్టరు కింద దుప్పటి కప్పుకుని
వెలుతురులో కళ్లు చికిలించి ఉంటారు.

సోమవారం హేమాద్రి సారు వచ్చి నిలబడినాడు.
"డిస్క్ డెబ్బై శాతం. ఈ సుద్ద ఎవరమ్మా?"
"ట్రాక్టరు సార్."
కొంచేపు స్క్రీను చూసినాడు, పైకీ కిందికీ జరిపి.
పాతవి కొన్ని చెరిపేసుకో అని పోయినాడు.

ఏవి చెరపల్లో
ఇంకా చూస్తా ఉండా.