మూడో పలక

పొద్దున నాలుగున్నరకు స్టేషన్ నాది.
మొదటి ట్రాముకు ఇంకా గంటన్నర.
లుసైల్ నడిబొడ్డున, రెండు టవర్ల సందుల
అంగీ జేబంత స్టేషన్.
నాలుగు బల్లలు, రెండు టికెట్ మిషన్లు,
ఆ కొస నుంచి ఈ కొసదాక అద్దం.
పదహారు పలకలు. లెక్కవెట్టిన.

ఆగస్టుల లోపట ఏసీ, బయట ఉబ్బ.
అద్దానికి బయటి మొకాన చెమట పడతది,
మనిషికి పట్టినట్టే.
అప్పుడు లేస్తయి
నిన్నటి చేతులన్నీ.

నా పని ముద్రలు చెరిపేసుడు.
డ్యూటీ దిగిన నర్సు నుదురు ఆనించి కునికిన జాగ,
మోకాలెత్తున ఐదు చిన్న వేళ్లు, ఐస్‌క్రీం జిగట,
ఊదు వాసన ఇంకా ఇడవని అరచెయ్యొకటి.
ఏ దేశమో ఏ మతమో అద్దం అడగది,
నేనూ అడగ.
సబ్బునీళ్లు, రబ్బరు కత్తి, పైకెల్లి కిందికి ఒక్క గుంజు.

ఒక్క ముద్రను మాత్రం గుర్తువడత.
ఎడమచేతికి నడిమేలు లేనాయన
రోజూ రాత్రి మూడో పలక కాడ్నే చెయ్యి ఆనించి నిలవడతడు.
ఆయన మొకం నేను చూడలే.
ఆ నాలుగు వేళ్లయితే తెలుసు.

అసలు తమాషా ఏందంటే
నాకు ముద్రల్లేవు.
ఇవే పట్టాల కింద మూడేండ్లు కాంక్రీటు పోసిన.
గ్లవ్స్ చినిగినంక కొత్తయి వచ్చేదాక
సిమెంటు ఊకోలే, గీతలన్నీ నాకింది.
హాజరు మిషన్ మీద బొటనేలు వెడితే ఎర్ర లైటు.
అంగీకి తుడిచి వెడితే ఎర్ర లైటు.
చూపుడేలు.
ఎర్ర లైటు.
సూపర్‌వైజర్ కోయక్క నవ్వుతడు, మలయాళం కలిసిన హిందీల:
"లింబాద్రీ, నువ్వు బ్యాంకు కొట్టినా దొరకవు పో!"
నన్ను కాయిదం మీద రాసుకుంటడు.

మా నాయిన నిశాని.
సొసైటీ అప్పు కాయిదాల మీద సిరా బొటనేలు ఒత్తి ఒత్తి
ఆ గోరు కింద నీలిరంగు పోకుంటుండె.
నన్ను బడికి తోల్తూ అన్నడు,
"నీకు ఈ వేలు అక్కరకు రావద్దు బిడ్డా."
అట్లనే అయింది.

ఇయ్యాల ఉబ్బ మస్తు పోసింది.
రెండు పలకలు గుంజి మూడో దానికి వచ్చిన.
నాలుగు వేళ్ల పక్కన,
రాత్రి రాసి పోయిండు గావచ్చు,
నీటిపొర నడుమ నుంచి లేచింది ఒక మాట,
గుండ్రటి అక్షరాలల్ల:
కోరుట్ల.

చేతుల రబ్బరు కత్తి చేతులనే ఉన్నది.
కోరుట్ల మాకు పక్క బస్టాండు.
కిటికీల కెల్లి బుట్టలు పైకెత్తి
జామకాయలమ్మేటోళ్లు యాదికొచ్చిండ్రు.
నాలుగేండ్ల నుంచి ఒక్క అద్దానికి
ఆయన రాత్రి దిక్కు, నేను పొద్దుగాల దిక్కు.
నేను రోజూ చెరిపింది ఎవల చెయ్యి?

అటిటు చూసిన.
కెమెరా ఉన్నది, ఉండనీ.
ఆయన ఊరి కింద
మా ఊరు రాసిన: మెట్‌పల్లి.
"ట్" కాడ వేలు వణికింది.
బడి ఇడిసినంక అక్షరాలు రాసింది తక్కువ,
రాసిందంతా సంతకమే.

ఐదు దాటంగ ఎండ పొడిసింది.
కోరుట్ల కారింది,
కారి మెట్‌పల్లి మీద పడింది,
రెండూ కలిసి అద్దం అంచు మీద
ఒక్క చుక్కై ఊగి, ఊగి
పట్టాల దిక్కు జారింది.

తక్కిన పదమూడు పలకలు గుంజిన.
ట్రాము వచ్చింది, తలుపులు తెరిచింది,
అరబ్బీల ఒక ఆడమనిషి గొంతు
ఎవ్వల్లేని స్టేషన్ పేరు చెప్పింది.

కోయక్క వచ్చి అద్దానికి కన్ను పెట్టి చూసిండు.
"మూడోది మరిచినవురా."
"మరిచిన," అన్న.

ఎండల ఏం కనవడదు.
నా వేలు అద్దానికి ఏమన్న ఇచ్చిందో, ఇయ్యలేదో
రేపు మళ్ల ఉబ్బ పోస్తే
తెలుస్తది.