ఎడమ పక్క నుంచి పోవద్దు

గ్రీమ్స్‌పేటలో మిక్సీలు రిపేరు చేసే అంగడి మీద
మా ఆఫీసు. మూడు కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాను,
కింద నుంచి కాలిన వైండింగు వాసన.
పాలకేంద్రాల లెక్క రాస్తా ఉండాం.
నలభై రెండు ఊళ్లు, రెండు పూటలు,
లీటర్లు, వెన్న శాతం, పది రోజులకొక బిల్లు.

బిల్లులో పైసలు తప్పుతున్నాయి.
మొగిలయ్య రాసిన కోడులో
సగం పైసా ఎటు పోవాలో తెలీక
ఒకసారి పైకీ, ఒకసారి కిందికీ.
"సగం పైసా ఎవురబ్బా అడిగేది?" అన్నాడు.
"మా ఖాలా అడుగుతుంది" అనింది దిల్షాద్.
మురకంబట్టులో రెండు ఎనుములు ఆమెకు.
పాల పుస్తకం వేలు పెట్టి చదువుతుంది.

సరే, పైసల లెక్క తెలిసిన లైబ్రరీ
ఒకటి తెచ్చుకుందామని కూర్చున్నాం.
ఊరికే వస్తాది.
ఊరికే వచ్చేదాన్నే తిప్పి తిప్పి చూడాల.

మొదటిదానికి ముప్పై వేల నక్షత్రాలు.
ఇన్‌స్టాల్ కొడితే,
ఒక్కర్ని భోజనానికి పిలిస్తే బస్సే దిగినట్టు
రెండు వందల పదమూడు ప్యాకేజీలు దిగినాయి.
అందులో ఒకటి, సంఖ్య సరా బేసా
చెప్పడానికే ప్రయాణం చేసి వచ్చింది పాపం.

రెండోది చిన్నది. చదివితే అర్థమయింది.
చివరి మార్పు జరిగి రెండేళ్లు.
ఎవరో ఏదో తప్పు చూపిస్తే, రాసినాయన బదులు:
"అమ్మ ఆసుపత్రిలో ఉంది. వచ్చే వారం చూస్తాను."
దాని కింద నలభై మంది.
అప్‌డేట్ ఉందా?
అప్‌డేట్ ఉందా?
ఇంకా ఎంతకాలం?
అమ్మ ఎట్లుందని ఒక్కరూ అడగలేదు.
దిల్షాద్ కీబోర్డు మీద చేతులు పెట్టి, తీసేసింది.
టీ చల్లారింది.

మూడోది ఏదో కంపెనీ వాళ్లది. లైసెన్సు ఫైలు
మొగిలయ్య గట్టిగా చదివినాడు,
భూమి దస్తావేజు చదివినట్టు.
నాలుగో పేరాలో ఆగి,
"ఇది మనది కాదక్కా, బాడుగ" అన్నాడు.

నాలుగోదానికి నక్షత్రాలు మూడొందలే.
తెరిస్తే మొదటి శీర్షిక: ఇది చేయలేనివి.
పెద్ద భాగహారాలకు నెమ్మది.
వర్గమూలాలు అడగొద్దు.
సగం వచ్చినప్పుడు ఎటు పోవాలో మీరే చెప్పండి,
నేను ఊహించను.

అది చదవంగానే మా నాయన.
బంగారుపాళెం సంతలో ఆవుల బేరం చేసేవాడు,
తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర మాట్లాడి
పళ్లు చూపించి, పొదుగు నిమిరి,
పలుపు చేతికిచ్చే ముందు చెప్పేవాడు:
"ఎడమ పక్క నుంచి పోవద్దు, తంతాది."
ఆ మాటకు పలుపు వదిలేసి పోయినోళ్లు ఉన్నారు.
ఒకాయన మాత్రం కొనుక్కుపోయి
ఏడాదికి కుంటుతా వచ్చినాడు,
ఇంకో ఆవు కావాలని, మా నాయన దగ్గరికే.

ముగ్గురం దాని కోడు రెండు రాత్రులు చదివినాం.
పాత బిల్లులు మూడు నెలలవి పోసి చూసినాం.
వెర్షను నంబరు గుంజకు కట్టేసినాం,
దానంతటది మారి పక్క చేలో పడకుండా.
సగమైతే పైకి, రైతు వైపుకు,
అని చెప్పినాం. ఊహించమనలేదు.

మా ఫైల్లో కూడా మొదట్లోనే రాయమన్నాను.
మొగిలయ్య తల గోక్కుని కొట్టినాడు:
"కరెంటు పోయి వస్తే ఆ పూట పాలు
రెండుసార్లు పడొచ్చు. చూసుకోండి."
దిల్షాద్ మూయని ఆ రెండో ట్యాబులో
నలభై మంది కింద ఒక వరుస రాసింది:
మీ అమ్మ ఎలా ఉన్నారు?

పదకొండో తేదీ బిల్లులు పోయినాయి.
ఖాలా వేలు పెట్టి చివరి దాకా చదివిందంట.
"పైసలు సరే. వెన్న మిషనే దొంగది" అనిందంట.