తుడుపు గుడ్డ

మా అమ్మ వియన్నాలో హోటల్ గదులు తుడిచేది.
మరక మిగిలితే జీతంలో కోత.
నేను అక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో
బీట్‌దుంప పొలాల మధ్య, ప్రయోగశాలలో
ఎవరో తుడిచి పంపిన గుడ్డల్లో
మరక కోసం వెతుకుతాను.
"నాకంటే నీదే వింత కొలువు గెర్లిండె" అనేది అమ్మ.

అరచేతి వెడల్పు నూలు గుడ్డ.
సంచిలో సంచి, ఆ సంచి ఇంకో సంచిలో.
పైన ఒక అంకె. దేశం పేరుండదు.
అడగకూడదు.
ఊహించనూ కూడదు.

తుడిచింది క్వాబెనా కావచ్చు.
కిందటేడు క్యాంటీన్లో సూప్ చల్లార్చుకుంటూ చెప్పాడు:
ఎక్కడో ఒక కర్మాగారంలో
గోడలకు వేసిన రంగు ఇంకా ఆరలేదట,
నేలకు కొత్త పలకలట,
వెంట నడిచే అధికారి మాటిమాటికీ టీ తాగమన్నాడట.
రెండు గ్లాసులు తాగి
మూడోది వచ్చేలోగా
గాలిగొట్టం జాలీ వెనక్కి వేలు పోనిచ్చి
ఒక్కసారి తుడిచాడట.

గోడలకు చెవులుంటాయంటారు.
చెవులు సరే,
నోరు కూడా ఉన్న సంగతి
రంగు వేయించినవాళ్లు మరిచిపోతారు.

ఈవేళ సూక్ష్మదర్శిని కింద
వెంట్రుక మందంలో వందో వంతు రేణువు
తెల్లగా మెరిసింది.
యురేనియం.
దాని పక్కనే, ముళ్లబంతిలా
ఒక పుప్పొడి గింజ.

ఏ చెట్టుదో.
ఎవరి చొక్కా భుజమెక్కి లోపలికొచ్చిందో.
ఆ మనిషి పొద్దున్నే చెట్టు కింద నిలబడి
బస్సు కోసం చూసి ఉంటాడు.
లోపల గిర్రున తిరిగే గొట్టాలు
ఏం వడకడుతున్నాయో
అతనికి తెలుసో, తెలియదో,
తెలిసీ టిఫిన్ డబ్బా మూత తీసేవాడో.

నా కాగితంలో పుప్పొడికి గడి లేదు.
అంకె రాశాను, దశాంశం తర్వాత మూడు స్థానాలు.
ఆ అంకె మీద
పొడవాటి బల్లల దగ్గర నెలల తరబడి పోట్లాడతారు.
ఒక కామా దగ్గర తెల్లవారిపోతుంది.
ఒకాయన విసురుగా లేచి వెళ్లిపోతాడు,
కోటు మరిచిపోయి మళ్లీ వస్తాడు.

కొన్ని పెద్ద ఇళ్లున్నాయి.
వాళ్ల నేలమాళిగల దుమ్ము
మా గుడ్డలకు అంటదు.
అక్కడ తుడవమని ఎవరూ పంపరు.
క్వాబెనా ఈ మాట అన్నప్పుడు
నేను సూప్ గిన్నెలోకి చూశాను.

సాయంత్రం బట్టలు మార్చి
చేతులు కడిగి, మళ్లీ కడిగి
బస్‌స్టాప్‌లో నిలబడ్డాను.
లిండెన్ చెట్టు విరగబూసింది.
భుజం దులుపుకోబోయి
ఆగిపోయాను.